పదిహేడు డాలర్ల గిటారు

చాక్లెట్ పైలో పంచదారకు బదులు ఉప్పు వేసిన పిల్లని ఏ మగవాడైనా కోరి చేసుకుంటాడా? అమెరికాలో ఒకాయన చేసుకున్నాడండీ. కెంటకీ రాష్ట్రం కొండల్లో, ఒక పల్లెటూరి బడిలో 'పై సోషల్' అని వేడుక జరిగింది. పై అంటే మైదాపిండితో గిన్నెలా అడుగూ అంచూ కట్టి, మధ్యలో తియ్యటి పూర్ణంలాంటిది పోసి కాల్చే వంటకం. ఆడపిల్లలు చేసి తెచ్చిన పైలను వేలం వేస్తారు. ఎక్కువ పాట పాడినవాడికి పైతో పాటు, దాన్ని చేసిన అమ్మాయి పక్కన కూర్చునే అవకాశం కూడా దక్కుతుంది. సైన్యం నుంచి తిరిగొచ్చిన ఒక కుర్రాడు అందరికంటే ఎక్కువ పాడి ఆ చాక్లెట్ పై దక్కించుకున్నాడు. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం! అయినా నెలరోజుల్లో, 1948 జనవరి 10న, ఆ పిల్లనే పెళ్లాడాడు.

ఆ పిల్ల పేరు లొరెటా. అతని పేరు ఆలివర్ లిన్. ఊరంతా 'డూలిటిల్' అనీ, 'డూ' అనీ పిలిచేవారు. పెళ్లప్పుడు తనకు పదమూడేళ్లేనని లొరెటా జీవితమంతా చెబుతూ వచ్చింది. 2012లో పుట్టినతేదీ కాగితాలు బయటపడితే తెలిసింది, నిజానికి పదిహేనేళ్ల తొమ్మిది నెలలని. ఆడవాళ్లు వయసు తగ్గించి చెప్పుకోవడం మన దగ్గరే అనుకున్నాను సుమండీ. పదిహేనైనా పసితనమే లెండి. మా అమ్మకి పధ్నాలుగోయేట చేశారు.

లొరెటా లిన్ అమెరికాలో కంట్రీ మ్యూజిక్ అనే సంగీతంలో మహారాణి. కంట్రీ మ్యూజిక్ అంటే ఏమిటని మా అమ్మాయిని అడిగితే "మన జానపదాలకీ సినిమా పాటకీ మధ్యలో ఉంటుందమ్మా" అంది. గిటారు, ఫిడేలు, బాంజో వాయిస్తూ పల్లెటూరి జనం తమ కష్టసుఖాలు పాడుకునే పాటలు. పాటలో ఒక కథ ఉంటుంది. కూలివాడు, లారీ డ్రైవరు, మొగుడితో వేగలేని ఇల్లాలు, అమ్మ మీద బెంగపెట్టుకున్న కొడుకు, ఇలాంటివాళ్లుంటారు. ఆ పాటలకి రాజధాని టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఆ ఊరి పక్కనే. రెండో కాన్పుకి సాయంగా వెళ్లినప్పుడు, ఒక ఆదివారం అల్లుడు "అత్తయ్యా, మీకు నచ్చే చోటొకటి చూపిస్తాను" అని కారెక్కించాడు. నాష్‌విల్ నుంచి పడమరగా గంటకు పైనే ప్రయాణం. హరికేన్ మిల్స్ అనే చిన్న ఊరు. లొరెటా దంపతులు 1966లో కొనుక్కున్న పెద్ద ఇల్లూ, పొలాలూ అక్కడే ఉన్నాయి. ఆమె మ్యూజియం కూడా అక్కడే.

గుడికో, జలపాతానికో అనుకుని బయల్దేరిన నాకు గాయని ఇల్లు అనేసరికి ఉత్సాహం చల్లబడింది. చంకలో నెలల పిల్ల, పక్కన నాలుగేళ్ల మనవడు. గాజు బీరువాల్లో పొడుగాటి కుచ్చుల గౌన్లు చూసుకుంటూ నడుస్తున్నాను. ఒకచోట బొగ్గుగని నమూనా కట్టి పెట్టారు. చీకటి, దుంగల ఆసరాలు, నల్లటి గోడ. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. ఎందుకంటే నేనూ బొగ్గుగని కార్మికుడి కూతుర్నే. మా నాయన కొత్తగూడెంలో సింగరేణి గనిలో ఫిల్లరు. తవ్విన బొగ్గుని తట్టకెత్తి టబ్బుల్లో నింపే పని. షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్లూ పళ్లూ తప్ప అంతా నలుపే.

లొరెటా నాన్న టెడ్ వెబ్ కూడా అలాగే ఇంటికొచ్చేవాడు. వాళ్ల ఊరు బుచర్ హాలో. వాన్ లియర్ అనే గనుల ఊరికి పైన, కొండల సందులో ఉన్న నాలుగిళ్ల పల్లె. 1932 ఏప్రిల్ 14న పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో రెండోది. పగలు మొక్కజొన్న చేలో పని, రాత్రి గనిలో పని చేసి నాన్న వాళ్లని సాకాడు. పిండి సంచులు విప్పి అమ్మ గౌన్లు కుట్టేది. చలికాలం గాలి కొట్టకుండా చెక్క గోడలకి పాత పేపర్లూ, పత్రికల పేజీలూ అంటించేవారు. అందులో సినిమా తార లొరెటా యంగ్ బొమ్మ ఒకటుంటే, అది చూసే అమ్మ ఈ పిల్లకా పేరు పెట్టిందట. మన ఇళ్లలోనూ వంటింటి అల్మారాల్లో ఈ పత్రిక పేజీలే పరుచుకుంటాం కదూ! డబ్బాలు తుడుస్తూ పాత సీరియల్ చదువుతూ నిలబడి పోపు మాడ్చుకోనివాళ్లెవరు చెప్పండి.

ఇంట్లో బ్యాటరీతో పాడే రేడియో ఒకటి ఉండేది. శనివారం రాత్రి నాష్‌విల్ నుంచి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే కార్యక్రమం వచ్చేది. 1925 నుంచీ వస్తున్న పాటల కచేరీ అది. కంట్రీ గాయకులకి ఆ వేదికెక్కడమంటే మనవాళ్లకి త్యాగరాజ ఆరాధనలో పాడినంత. చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ ఊపుతూ ఊయల పక్కన కూర్చుని ఆ పాటలన్నీ నేర్చుకుంది లొరెటా. సంగీతం చదువు అదొక్కటే.

పిల్లనిచ్చేటప్పుడు నాన్న రెండే రెండు మాటలడిగాడట అల్లుణ్ణి. కొట్టకూడదని ఒకటి, దూరం తీసుకుపోకూడదని ఇంకొకటి. డూ రెండూ నిలబెట్టుకోలేదు. ఏడాదైనా తిరక్కుండా కడుపుతో ఉన్న పెళ్లాన్ని దేశం ఆ కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి తీసుకుపోయాడు. అక్కడ అడవుల్లో దుంగలు నరికే పనులూ పొలం పనులూ ఉన్నాయి. కస్టర్ అనే ఊళ్లో కాపురం. తెలిసిన గడప ఒక్కటి లేదు. ఒకరి తర్వాత ఒకరు నలుగురు పిల్లలు. ఆమె స్ట్రాబెర్రీ తోటల్లో కూలికెళ్లేది, ఇంకొకరి ఇల్లు తుడిచి, వంట చేసి పెట్టేది. పళ్లూ కూరలూ సీసాల్లో నిలవపెట్టి, ఆ చుట్టుపక్కల జరిగే జాతరలో బహుమతులు కూడా తెచ్చుకుంది. పైలో ఉప్పు వేసిన పిల్లేనండీ!

గిటారు సంగతికి వద్దాం. 1953లో డూ ఆమెకి ఒక హార్మనీ గిటారు కొనిచ్చాడు. సియర్స్ కొట్లో పదిహేడు డాలర్లు. చీరో, నగో కాదు చూడండి. పిల్లలకి జోల పాడుతుంటే విని, ఈమె గొంతు రేడియోలో వినబడే వాళ్లకేం తక్కువ కాదని అతనికి తోచింది. ఆ ఆలోచన ఆమెది కాదు. నలుగురి ముందు నిలబడి పాడమంటే ఆమె వణికిపోయేది. పిల్లలు నిద్రపోయాక, అంట్లు తోముకున్నాక, తనంతట తానే తీగలు మీటుకుంటూ నేర్చుకుంది. అలా ఏళ్లు గడిచాయి. ఇరవయ్యేడో ఏట డూ బలవంతం మీద ఊళ్లోని క్లబ్బుల్లోనూ, బార్లలోనూ పాడడం మొదలుపెట్టింది. బక్ ఓవెన్స్ అనే గాయకుడు నడిపే టీవీ పోటీలో గెలిచి చేతి గడియారం సంపాదించుకుంది.

ఆ కార్యక్రమం చూసిన ఒక కలప వ్యాపారికి ఆమె పాట నచ్చి, రికార్డు తీయించడానికి డబ్బు పెట్టాడు. జీరో రికార్డ్స్ అని చిన్న కంపెనీ. 1960లో లాస్ ఏంజిలిస్‌లో రికార్డు చేశారు. 'హాంకీ టాంక్ గర్ల్' అనే ఆ పాట ఆమె సొంతంగా రాసుకున్నదే. హాంకీ టాంక్ అంటే సారాయి కొట్టులాంటి చోటు. కాపురం చెడి అక్కడికొచ్చి ఏడ్చే ఒక అమ్మాయిని చూసి రాసింది.

పాట రికార్డైతే చాలా? పెద్ద కంపెనీలకైతే ఊరూరా మనుషులుంటారు, రేడియో స్టేషన్లకి పంపిస్తారు. ఈ చిన్న కంపెనీకి ఎవరున్నారు? అక్కడ రేడియో అప్పట్లో మనకున్నట్టు ఆకాశవాణి ఒక్కటే కాదు. ఊరికొక ప్రైవేటు స్టేషను. ఏ పాట వెయ్యాలో డిస్క్ జాకీ చేతిలో ఉండేది. అలాంటి స్టేషన్లు ఎన్ని వేస్తే పాట అంత పైకొస్తుంది, 'బిల్‌బోర్డ్' పత్రిక జాబితాలో అంకె మారుతుంది. అందుకని మొగుడూ పెళ్లాం ఇంట్లోనే కూర్చుని ఆమె ఫొటోతో సహా రికార్డులు పొట్లాలు కట్టి స్టేషన్లకి పోస్టు చేశారు. తర్వాత కారెక్కి తామే బయల్దేరారు. రాత్రుళ్లు కార్లోనే నిద్ర. తిండి రొట్టెముక్కల మధ్య మాంసం ముక్కా, చీజూ. మంచి గౌను ఒక్కటే ఉంది. స్టేషను కనబడగానే వెనక సీట్లో అది తొడుక్కుని లోపలికెళ్లడం, "నా రికార్డు మీ దగ్గరుందా బాబూ" అని అడగడం, బయటికొచ్చి మళ్లీ పాత బట్టలు వేసుకోవడం. ఆ తిరుగుడు తిరిగితే పాట 14వ స్థానానికి వచ్చింది. 1960 అక్టోబర్ 15న ఆమె ఆప్రీ వేదిక మీద నిలబడింది. ఊయల పక్కన విన్న ఆప్రీయే.

నాన్న మాత్రం వినలేదు. అంతకు ముందు ఏడాదే, 1959లో, పోయాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. మా నాయన దగ్గు కూడా అలాంటిదే. రాత్రి మూడింటికి క్వార్టర్ల వరసలో ఏ ఇంట్లోంచి దగ్గు వినబడుతోందో పిల్లలం పేర్లతో సహా చెప్పేవాళ్లం. మ్యూజియంలో ఆ నల్లగోడ ముందు నాకు వినబడింది అదే. మా మనవడు "అమ్మమ్మా, ఏడుస్తున్నావా?" అని అడిగితే దుమ్ము పడిందన్నాను.

నాష్‌విల్‌లో ఆమెకి దొరికిన వరం ప్యాట్సీ క్లైన్ స్నేహం. ప్యాట్సీ అప్పటికే పెద్ద గాయని. 1961 జూన్‌లో కారు ప్రమాదంలో బాగా దెబ్బలు తగిలి ఆస్పత్రిలో ఉంటే, లొరెటా ఒక రేడియో కార్యక్రమంలో ప్యాట్సీ పాటే పాడి, ఆమె కోసమని చెప్పింది. మంచం మీద అది విన్న ప్యాట్సీ మొగుణ్ణి పంపి ఈ కొత్తపిల్లని పిలిపించుకుంది. ఇక చూడండి, బట్టలెలా వేసుకోవాలో, ముఖానికి రంగెలా వేసుకోవాలో, వేదిక మీద ఎలా నిలబడాలో అన్నీ నేర్పింది. చేతిలో డబ్బులేని రోజుల్లో ఇంటికి కర్టెన్లు కొనిచ్చింది. ఈ పల్లెటూరి పిల్లని ఆప్రీకి ఇన్నిసార్లు ఎందుకు పిలుస్తున్నారని తోటి గాయనులు కొందరు సమావేశం పెట్టుకున్నారట. ప్యాట్సీని కూడా పిలిచారు. ఆమె లొరెటానే వెంటబెట్టుకుని వెళ్లి కూర్చుంది! అంతే, ఆ మాట మళ్లీ రాలేదు. తోటికోడళ్ల మధ్య పెద్ద కోడలు ఇలా పక్షాన నిలబడితే ఎన్ని కాపురాలు తేలికవుతాయో. పాపం, 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో పోయింది ప్యాట్సీ. మరుసటేడు లొరెటాకి కవల ఆడపిల్లలు పుడితే ఒకరికి ప్యాట్సీ అని పేరు పెట్టుకుంది.

అప్పటికి డెక్కా అనే పెద్ద కంపెనీ ఆమెని తీసుకుంది. ఓవెన్ బ్రాడ్లీ అనే ఆయన రికార్డులు చేయించేవాడు. 1962లో ఆప్రీలో శాశ్వత సభ్యత్వం వచ్చింది. అయినా ఆమెని ఆమెగా నిలబెట్టినవి 1966 తర్వాత వచ్చిన పాటలు. ఆ యేడు వచ్చిన పాట ఒకటి, తాగి ఇంటికొచ్చి సరసాలాడొద్దని మొగుడికి చెప్పే పాట. అదే 1967లో ఆమెకి మొదటిసారి ఒకటో స్థానం తెచ్చింది. నా మొగుడి వెంటపడితే పిడికిలి చూస్తావని ఇంకొక ఆడదానికి చెప్పే 'ఫిస్ట్ సిటీ' 1968లో వచ్చింది. అవన్నీ కల్పనలనుకునేరు! డూ తాగేవాడు. పరాయి ఆడవాళ్ల గొడవలూ ఉండేవి. ఇంట్లో జరిగింది జరిగినట్టు పాట కట్టి, దేశమంతా వినేలా పాడేసింది. డూ కూడా ఎదురుగా నిలబడి వినాల్సి వచ్చేది.

అక్కడ వచ్చింది మా అమ్మాయికీ నాకూ వాదన. తిరుగు ప్రయాణంలో కార్లో ఆ పాటలు పెట్టి, ఒక్కొక్కదానికి అర్థం చెప్పింది. "ఇంటిగుట్టు అలా వీధిలో పెట్టుకోవడం ఏం గొప్పే?" అన్నాను. "గుట్టు ఎవరిదమ్మా? తాగొచ్చినవాడిదా, తలుపు తీసినదానిదా?" అంది. అల్లుడు పక్కనే ఉన్నాడని నేను మాట మార్చాను గానీ, అది మనసులోంచి పోలేదు.

ఎందుకంటే మా క్వార్టర్లలో జీతాలరోజు ఎలా ఉండేదో నాకు తెలుసు. జీతం చేతిలో పడిన చోటుకీ ఇంటికీ మధ్య సారా కొట్టు. ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని దారిలో కాపు కాసేవాళ్లు. మా అమ్మ కూడా నిలబడింది. మా నాయన మంచివాడే. నెలలో ఇరవై తొమ్మిది రోజులు మంచివాడు. ఆ ఒక్కరోజు మీద మా అమ్మ ఒక పాట కట్టింది. బతుకమ్మ ఆటలో ఎవరి పేరూ చెప్పకుండా పాడేది. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్లందరికీ అది ఎవరి మొగుడి గురించో తెలుసు, ఎందుకంటే అందరి మొగుళ్ల గురించీ అదే. అంటే గుట్టు వీధిలో పెట్టడం మనకీ ఉందన్నమాట, కాకపోతే పువ్వుల మాటున. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు ఊరూరా ఎన్ని పాటలు పుట్టాయో గుర్తుందా? 1993 అక్టోబర్‌లో సర్కారు సారా నిషేధించింది. ఆ పాటలు కట్టినవాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

లొరెటా పేరు తెలియడానికి కారణం గొంతు ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. గొంతు మా అమ్మకీ ఉంది. కానీ పాట రికార్డవడానికి ఒక కలప వ్యాపారి, దాన్ని వేసే వందల రేడియో స్టేషన్లు, కొని వినే ఇల్లాళ్లు, ఊళ్లు తిప్పడానికి కారు, ఇన్ని ఉండబట్టి ఆ పాట ఇల్లు దాటింది. మా అమ్మ పాట రుద్రంపూర్ క్వార్టర్ల గోడ దాటలేదు.

1970లో వచ్చిన 'కోల్ మైనర్స్ డాటర్' పాట గురించి చెప్పకపోతే ఎలా? బొగ్గు కార్మికుడి కూతురు అని అర్థం. పుట్టిన ఇల్లూ, నాన్న కష్టం, అమ్మ బట్టలుతికే బల్ల, అన్నీ అందులో పెట్టింది. మొదట పది చరణాలు రాస్తే, రికార్డుకి ఎక్కువైపోయాయని బ్రాడ్లీ నాలుగు తీయించేశాడట. చరణాలు తీసేస్తుంటే అమ్మని ఎక్కడ తీసేయాలో, నాన్నని ఎక్కడ తీసేయాలో ఆ తల్లి ఎంత మథనపడిందో! అది ఒకటో స్థానానికి వెళ్లింది. ఆ పేరుతోనే 1976లో ఆత్మకథ, 1980లో సినిమా వచ్చాయి. ఆమె వేషం వేసిన సిసీ స్పేసెక్ పాటలు కూడా తానే పాడి ఆస్కార్ తెచ్చుకుంది. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' బహుమతి ఒక స్త్రీకి రావడం అదే మొదటిసారి, అది లొరెటాకే. కాన్వే ట్విటీ అనే గాయకుడితో పాడిన యుగళగీతాలకి 1972 నుంచి వరసగా నాలుగేళ్లు బహుమతులు వచ్చాయి.

1975లో వచ్చిన 'ది పిల్' మీదయితే పెద్ద రభసే. ఏటా కాన్పులతో విసిగిన ఇల్లాలు, ఇక గర్భనిరోధక మాత్ర ఉంది కాబట్టి నా ఇష్టం నాదని మొగుడికి చెప్పే పాట. చాలా రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యమన్నాయి. అయినా 5వ స్థానానికి వచ్చింది. పల్లెల్లో ఆ మాత్ర గురించి డాక్టర్లు చెప్పినదాని కంటే ఆ పాట ఎక్కువ చెప్పిందని తర్వాత తనతో అన్నారని ఆమె చెప్పుకునేది. ఆరుగురు పిల్లల్ని కన్న తల్లి, ఆ మాత్ర ముందే ఉంటే బాగుండేదని దాచకుండా అంది. ఇంతమందిని కన్నది కాబట్టే ఆమె నోట ఆ మాట చెల్లింది. చదువుకున్న పట్నపావిడ అని ఉంటే "ఆవిడకేం" అని ఉండేవారు.

డూ మంచివాడా చెడ్డవాడా అని మేం ముగ్గురం ఇప్పటికీ తేల్చుకోలేదు. గిటారు కొన్నది అతనే. వేదిక మీదికి తోసింది అతనే. తాగిందీ తిరిగిందీ చెయ్యి చేసుకున్నదీ కూడా అతనే. ఆమె కూడా ఊరుకోలేదనీ, దెబ్బకి రెండు దెబ్బలు తిరిగిచ్చేదనీ రాసుకుంది. అతను లేకపోతే తన జీవితంలో పాటే లేదని అదే నోటితో చెప్పింది. నలభై ఎనిమిదేళ్ల కాపురం. చివర్లో షుగరు వ్యాధితో అతను మంచాన పడితే కచేరీలు తగ్గించుకుని దగ్గరుండి చూసుకుంది. 1996లో పోయాడు. మా అమ్మాయి "నేనైతే ఉండేదాన్ని కాదు" అంటుంది. అల్లుడు నోరెత్తడు. నేనేమంటానంటే, కొట్టినవాణ్ణి గిటారు కొన్నాడని మాఫీ చెయ్యనక్కర్లేదు, గిటారు కొన్న మాట కొట్టాడని చెరిపెయ్యనూ అక్కర్లేదు. రెండు లెక్కలూ వేరువేరు పద్దులు. ఏమంటారు?

ఇంకో పద్దు కూడా ఉంది, పేరు వచ్చిన తల్లి కట్టిన ఖరీదు. ఏడాదిలో చాలాభాగం బస్సులో ఊళ్లు తిరగడమే. కవలల పసితనం దగ్గరుండి చూడలేకపోయానని బాధపడేది. 1984లో రెండో సంతానం, ముప్ఫై నాలుగేళ్ల కొడుకు, సొంత పొలం పక్కన నదిలో మునిగిపోయి చనిపోయాడు. అప్పుడూ ఆమె ఇంట్లో లేదు. ఇవన్నీ పక్కన పెట్టి, 'ఇంట్లో కూర్చోకుండా బయటికి రండి' అని తేలిగ్గా చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా అమ్మాయి ఎం.టెక్ చదివింది. అక్కడ మొగుడి వీసా మీద ఉండడంతో ఉద్యోగానికి అనుమతి లేదు. ఇద్దరు పిల్లలు. రాత్రుళ్లు పిల్లని జోకొడుతూ "ముప్ఫై రెండేళ్లకే నా పనైపోయిందమ్మా" అన్న మాట, అన్నం కలుపుతున్నా, పూజ చేస్తున్నా నన్ను వదిలేది కాదు. లొరెటా మొదటి రికార్డు ఇచ్చేనాటికి దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు, నలుగురు పిల్లలు. మొదటిసారి ఒకటో స్థానం వచ్చేసరికి ముప్ఫై నాలుగు, పిల్లలు ఆరుగురు. ఈ లెక్కలు నేను దానికి చెప్పలేదు. వీసా ఆఫీసు వాళ్లు లెక్కలు వింటారా? అదే చెప్పింది నాకు, కారు దిగాక, గిన్నెలు సర్దుతూ. తర్వాత ఆ పిల్ల ఇంట్లో కూర్చునే ఏదో కోర్సు మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు వరకు చంటిదాన్ని నేను చూసేదాన్ని. నేనొచ్చేశాక ఇప్పుడు అల్లుడు చూస్తున్నాడు. కోర్సు సగమైంది. వీసా కాగితం ఇంకా రాలేదు.

అన్నట్టు, ఇంత గాయని డాల్డాలాంటి క్రిస్కో అనే వంటనూనె ముద్దకి టీవీలో ప్రకటనలు కూడా చేసింది. 2004లో వంటల పుస్తకం రాసింది. ఆ యేడే, డెబ్బై రెండేళ్ల వయసులో, జాక్ వైట్ అనే కుర్ర రాక్ గాయకుడితో కలిసి 'వాన్ లియర్ రోజ్' అనే ఆల్బం చేస్తే, మరుసటేడు రెండు గ్రామీ బహుమతులు వచ్చాయి. వాన్ లియర్ నాన్న పనిచేసిన గనుల ఊరే. 2013లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకుంది. 2017లో పక్షవాతం వచ్చాక కూడా పాడడం మానలేదు. 2021లో యాభయ్యో ఆల్బం తెచ్చింది. 2022 అక్టోబర్ 4న, హరికేన్ మిల్స్ ఇంట్లో నిద్రలోనే పోయింది. తొంభై ఏళ్లు.

నేను అమెరికా నుంచి రాగానే ఖమ్మంలో తమ్ముడి దగ్గరున్న మా అమ్మని చూడ్డానికి వెళ్లాను. ఎనభై నాలుగేళ్లు. చూపు మందగించింది గానీ గొంతు అలాగే ఉంది. సెల్‌ఫోను ఎదురుగా పెట్టి పాడమన్నాను. "ఏందే, నన్ను సినిమాలో పెడతవా?" అని సిగ్గుపడి, ఒక మంగళహారతి, నాట్లప్పుడు పాడేది ఒకటి, మా తమ్ముడికి పాడిన జోల ఒకటి పాడింది. మూడూ రికార్డు చేశాను. మా అమ్మాయికి పంపితే, రాత్రి పిల్లకి అవే పెడుతున్నానంది.

జీతాలరోజు పాట అడిగాను. కాసేపు మాట్లాడలేదు. గోడకి ఉన్న మా నాయన ఫొటో వైపు చూసింది.

"మనిషి పోయి ఇన్నేండ్లాయె. ఇప్పుడా పాట ఎందుకు బిడ్డా?" అంది. "నీ పాట కదమ్మా" అన్నాను. ఫోను వైపు చూసి, "దాన్ని అటు పెట్టు ముందు" అంది. పక్క గదిలో పెట్టి వచ్చాను. అప్పుడు పాడింది, ఏడు చరణాలూ, ఒక్క మాట తడబడకుండా.